అడగకూడని ప్రశ్న

షికాగో పడమటి శివార్లలో ఇల్లు కొనాలనుకునే తెలుగువాళ్ళు అడిగే ప్రశ్నలు ఏళ్ళు గడిచినా పెద్దగా మారవు. నేపర్‌విల్‌లో చాలాకాలంగా ఉంటున్నవాణ్ణి కాబట్టి కొత్తగా వచ్చినవాళ్ళూ, వాళ్ళ తోడల్లుళ్ళూ, తోటి ఉద్యోగులూ నన్ను సలహా అడుగుతూ ఉంటారు. మొదటి ప్రశ్న వాస్తు. గుమ్మం తూర్పుకుందా, ఉత్తరానికుందా? వీధిపోటు ఏమైనా ఉందా? ఆ తరవాత బేస్‌మెంట్‌లోకి నీళ్ళొస్తాయా, పన్నెంత, రైలు స్టేషన్ ఎంత దూరం, అరోరా బాలాజీ గుడి ఎంత దూరం? ఇవన్నీ అయ్యాక గొంతు కాస్త తగ్గించి అడిగే ప్రశ్న ఒకటుంది. ఈ వ్యాసం దాని గురించి. కానీ అక్కడికి వెళ్ళేముందు మిగతావాటి సంగతి చూడాలి, ఎందుకంటే వాటికి జవాబులున్నాయి.

బేస్‌మెంట్ సంగతి అమ్మేవాళ్ళనే అడగొచ్చు. ఇలినాయ్ చట్టం ప్రకారం వాళ్ళు తమకి తెలిసిన ముఖ్యమైన లోపాలు, అంటే వరద నీరు, పునాదిలో పగుళ్ళు, కప్పు కారడం లాంటివి, కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. ఆ కాగితాన్ని నమ్మినా సరే, ఇన్‌స్పెక్టర్ని పెట్టుకుని సంప్ పంప్ పనిచేస్తోందో లేదో చూసుకోవాలి. నేలలోంచి వచ్చే రేడాన్ వాయువుకి రంగూ వాసనా లేవు. ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల కాన్సర్ రావచ్చు. లీటరు గాలికి 4 పికోక్యూరీలు దాటితే గొట్టం వేసి, ఫ్యాను పెట్టి బయటికి పంపించమని ఫెడరల్ ప్రభుత్వ సలహా. ఆ పరీక్ష చేయించకుండా ఈ ప్రాంతంలో ఇల్లు కొనకూడదు. పన్ను ఇక్కడ ఒక ఏడాది వెనగ్గా కడతాం. అంచేత అమ్మేవాళ్ళు తామున్న కాలానికి అయిన పన్నుని క్లోజింగ్ రోజున మనకి లెక్కగట్టి ఇవ్వాలి. లాయరుని పెట్టుకోవడం ఇక్కడి ఆనవాయితీ; ఆ ఖర్చు దండగ కాదు. 2024 ఆగస్టు నుంచి దాదాపు ఏజెంట్లందరూ ఇల్లు చూపించక ముందే తమ ఫీజెంతో రాసిన ఒప్పందం మీద మనచేత సంతకం చేయించుకుంటున్నారు. చదివి సంతకం పెట్టాలి. ఆ ఫీజు బేరం ఆడదగ్గదే.

వీసా ప్రశ్న ఇంకొంచెం కష్టమైంది. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు ఇల్లు కొనచ్చు. కానీ ఉద్యోగం పోతే సాధారణంగా మిగిలేది 60 రోజులు. ఆలోపు ఇంకోటి దొరక్కపోతే ముప్ఫై ఏళ్ళ అప్పున్న ఇంటిని ఏం చేస్తాం? 2025 మే నెలాఖరు నుంచి శాశ్వత నివాస హోదా లేనివాళ్ళకి ఎఫ్‌హెచ్‌ఏ హామీ ఉన్న అప్పులు ఆగిపోయాయి. మామూలు బ్యాంకు అప్పుల దారి ఉంది. దీనికీ ఒక జవాబు చెప్పొచ్చు. కొన్ని నెలల ఖర్చు చేతిలో ఉంచుకోవాలి. అద్దెకిస్తే నెల వాయిదా గడిచిపోయే ఇల్లే కొనాలి. అద్దెకివ్వడానికి ఆ కాలనీ అసోసియేషన్ ఒప్పుకుంటుందో లేదో ముందే చదవాలి. ఇవి కాగితాలతో, ఓపికతో, డబ్బుతో తేలే ప్రశ్నలు. వాస్తు కూడా అంతే. తూర్పు గుమ్మం కోసం మనం నాలుగు వేలు ఎక్కువ పెడితే నష్టపోయేది మనమే, ఇంకెవరూ కాదు.

ఇక గొంతు తగ్గించి అడిగే ప్రశ్న: "అక్కడ ఎలాంటివాళ్ళుంటారండీ?"

దానికి వేషాలు చాలా ఉన్నాయి. "ఏరియా సేఫేనా?" అంటారు. "మనవాళ్ళున్నారా?" అంటారు. "స్కూల్లో క్రౌడ్ ఎలా ఉంటుంది?" అంటారు. ఏజెంటుని అడిగితే, అంతవరకూ గలగలా మాట్లాడిన మనిషి ఇబ్బందిగా నవ్వి, "సాయంత్రం పూట మీరే ఒకసారి ఆ వీధిలో తిరిగి చూడండి," అంటుంది. తెలుగు ఏజెంటైతే మనవాళ్ళకి మరీ నిష్ఠూరం. మనవాడై ఉండి కూడా చెప్పడేమిటి? ఆయన చెప్పకూడదు. 1968లో వచ్చిన ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూసి ఇల్లు అమ్మననడం చట్టవిరుద్ధమే; అలాంటి సమాచారంతో కొనేవాళ్ళని ఒక వీధివైపు తోసి ఇంకో వీధినుంచి మళ్ళించడం కూడా తప్పే. తరవాతి సవరణలు స్త్రీపురుష భేదాన్నీ, పిల్లలున్న కుటుంబాలనీ, వైకల్యం ఉన్నవాళ్ళనీ అందులో చేర్చాయి. మనల్ని మెప్పించడం కోసం "అక్కడ మీవాళ్ళు బోలెడుమంది ఉన్నారు" అన్నా ఏజెంటు గీత దాటినట్టే.

ఇల్లు కొనేటప్పుడు మనకి అన్నిటికన్నా ఎక్కువ కావలసిన జవాబు ఇదే. చట్టం నోరు నొక్కిన ఏకైక జవాబూ ఇదే. ఎందుకిలా అయింది అన్నది తెలుసుకోకుండా దీని మంచిచెడ్డలు తేల్చలేం.

నేపర్‌విల్ నుంచి షికాగో యూనియన్ స్టేషన్‌కి వెళ్ళే బీఎన్ఎస్ఎఫ్ రైలు దారిలో సిసెరో అనే స్టేషన్ వస్తుంది. లాప్‌టాప్ తెరుచుకుని కూచున్న మనలో ఎవరూ తలెత్తి చూడరు. 1951లో ఆ ఊళ్ళో హార్వీ క్లార్క్ అనే నల్లజాతి మనిషి ఒక అపార్ట్‌మెంట్ అద్దెకి తీసుకున్నాడు. రెండో ప్రపంచయుద్ధంలో పనిచేసినవాడు, చదువుకున్నవాడు, షికాగోలో బస్సు నడిపేవాడు. భార్యా, ఇద్దరు పిల్లలూ. మొదటిసారి సామాను తెచ్చినప్పుడు పోలీసులే అడ్డుకుని వెనక్కి పంపించారు. ఆయన ఫెడరల్ కోర్టుకి వెళ్ళి రక్షణ ఉత్తర్వు తెచ్చుకున్నాడు. సామాను చేరింది. ఆ తరవాత వేలాది మంది గుంపు ఆ భవనం మీద పడింది. సామానంతా కిటికీల్లోంచి కిందకి విసిరేసి తగలబెట్టారు, పియానోతో సహా. గవర్నర్ అడ్లాయ్ స్టీవెన్‌సన్ నేషనల్ గార్డుని దింపితే గాని అల్లరి ఆగలేదు. ఆ కుటుంబం ఆ ఇంట్లో ఉండలేకపోయింది.

ఆ కథలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసింది అల్లరి తరవాత జరిగిన సంగతి. కుక్ కౌంటీ గ్రాండ్ జ్యూరీ నేరం మోపింది తగలబెట్టినవాళ్ళ మీద కాదు. క్లార్క్ తరపు లాయరు జార్జి లైటన్ మీద, ఆ భవనం యజమానురాలి మీద, అద్దెకి ఇప్పించిన ఏజెంటు మీద మోపింది. వాళ్ళు చేసిన నేరమేమిటయ్యా అంటే, చుట్టుపక్కల ఆస్తి విలువ తగ్గేలా కుట్ర పన్నారని! లైటన్ తరపున వాదించడానికి థర్‌గుడ్ మార్షల్ వచ్చాడు. ఆ నేరారోపణ నిలబడలేదు. లైటన్ తరవాతి కాలంలో ఫెడరల్ జడ్జి అయ్యాడు. 2012లో షికాగోలోని కుక్ కౌంటీ క్రిమినల్ కోర్టు భవనానికి ఆయన పేరే పెట్టారు. "ఆస్తి విలువ" అన్న మాటని మాత్రం మరచిపోకండి. మళ్ళీ దాని దగ్గరకి రావాలి.

సిసెరో ఒక్కటే కాదు. షికాగోలో చాలా ఇళ్ళ దస్తావేజుల్లో నల్లవాళ్ళకి అమ్మకూడదన్న షరతు రాసి ఉండేది. 1930ల చివర ఫెడరల్ గృహరుణ సంస్థ తన మార్గదర్శకాల్లో అలాంటి షరతులని మెచ్చుకుంది కూడా. 1937లో కార్ల్ హాన్స్‌బెరీ అనే వ్యాపారి షికాగోలో అలాంటి పేటలో ఇల్లు కొని, 1940లో సుప్రీం కోర్టు దాకా వెళ్ళి గెలిచాడు. ఆయన కూతురు లొరేన్ తరవాత రాసిన 'ఎ రెయిజిన్ ఇన్ ది సన్' నాటకానికి ఆధారం ఆ అనుభవమే. 1948లో ఆ షరతులని కోర్టులు అమలు చెయ్యకూడదని సుప్రీం కోర్టు చెప్పింది. అయినా 1966 ఆగస్టులో షికాగో మార్కెట్ పార్క్‌లో, ఇళ్ళ విషయంలో సమానత్వం కోసం ఊరేగింపు నడిపిస్తున్న మార్టిన్ లూథర్ కింగ్‌ని రాయి పెట్టి కొట్టారు. 1968 ఏప్రిల్ 4న ఆయన్ని చంపేశారు. సరిగ్గా వారానికి, ఏప్రిల్ 11న, ఫెయిర్ హౌసింగ్ చట్టం మీద అధ్యక్షుడి సంతకం పడింది. మన ఏజెంటు ఇబ్బందిగా నవ్వి ఊరుకోవడం వెనక ఇంత ఉంది.

ఇదంతా నల్లవాళ్ళకీ తెల్లవాళ్ళకీ మధ్య పాత గొడవ, మధ్యలో మనమెవరం అనుకోవచ్చు. కాలిఫోర్నియాలో వైష్ణో దాస్ బగాయ్ అనే ఆయన కథ వినండి. 1915లో భార్య కళతో, ముగ్గురు కొడుకులతో శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగాడు. చేతిలో డబ్బున్నవాడు. బర్క్‌లీలో ఇల్లు కొన్నాడు. సామాను బండి మీద వేసుకుని పిల్లలతో అక్కడికి చేరేసరికి, ఇరుగుపొరుగువాళ్ళు ఇంట్లోకి అడుగుపెట్టనివ్వకుండా తాళాలు వేసేశారు. అలాంటి చోట పిల్లల్ని పెంచలేమని వెనక్కి తిరిగారు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు 'తెల్లవాళ్ళు' కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని సుప్రీం కోర్టు తేల్చింది. దాంతో బగాయ్ పౌరసత్వం పోయింది, ఆస్తులు వదులుకోవలసి వచ్చింది. 1928లో ఆత్మహత్య చేసుకున్నాడు. 2020లో బర్క్‌లీ నగర మండలి ఒక వీధికి కళా బగాయ్ పేరు పెట్టాలని నిర్ణయించింది. ఆమెని గుమ్మం దాటనివ్వని ఊరికి ఆ మాట చెప్పడానికి వందేళ్ళు పట్టింది.

మనకి పౌరసత్వపు తలుపు 1946లో తెరుచుకుంది. వలస తలుపు 1965లో బాగా తెరుచుకుంది. ఆ తలుపులు తెరవడానికి ఒళ్ళు హూనం చేసుకున్నవాళ్ళు, ముఖ్యంగా 1960లలో, మనవాళ్ళు కారు. మనం డిగ్రీలతో, విమానం టిక్కెట్లతో వచ్చాం. వచ్చేసరికి తలుపు తీసే ఉంది. ఇక్కడ కూడా అంతా సాఫీగా ఏమీ జరగలేదు. 1980ల మధ్యలో అరోరాలో బాలాజీ గుడి కట్టబోతున్నప్పుడు ఊళ్ళో కొందరు అభ్యంతరం చెప్పారు. నగర మండలిలో చర్చ జరిగింది. "వాళ్ళెలాంటివాళ్ళు?" అన్న ప్రశ్న అప్పుడు మన గురించి అడిగారు. ఇప్పటికీ అడుగుతున్నారు. 2019లో న్యూయార్క్ లాంగ్ ఐలండ్‌లో 'న్యూస్‌డే' పత్రిక మూడేళ్ళ పరిశోధన ప్రచురించింది. కొనేవాళ్ళలా నటించే మనుషుల్ని రహస్య కెమెరాలతో ఏజెంట్ల దగ్గరికి పంపించారు. తెల్లవాళ్ళతో పోలిస్తే, నల్లవాళ్ళకి 49 శాతం, హిస్పానిక్‌లకి 39 శాతం, ఆసియావాళ్ళకి 19 శాతం సందర్భాల్లో తేడా కనబడింది. ఆ 19 మనం. 2023లో ఫ్లారిడా రాష్ట్రం చైనా పౌరులు చాలామంది అక్కడ ఇల్లూ భూమీ కొనకుండా చట్టం చేసింది. ఇవాళ జాబితాలో మన దేశం పేరు లేదు, అంతే.

నిజానికి ఈ ప్రశ్న మనకి అమెరికా నేర్పింది కాదు. మన సూట్‌కేసులో వచ్చింది. "ఊరూవాడా ఏకమైంది" అంటాం. ఎప్పుడైనా ఆగి ఆలోచించామా, ఊరు వేరూ వాడ వేరూ ఎందుకయ్యాయి? ఎవరి ఇల్లు ఎక్కడుందో చెబితే వాళ్ళెవరో చెప్పగలిగే ఊళ్ళలోంచి వచ్చాం మనం. పల్లె ఊరికి ఎడంగా ఉండేది. ఆ ఎడం కొలవడానికి దస్తావేజులో షరతు అక్కర్లేకపోయింది. పట్నాలకి వచ్చాక అది మాటల్లోకి మారింది. అద్దెకి ఇల్లు చూడ్డానికి వెళితే అద్దె ఎంతో చెప్పకముందే "మీరేవిట్లండీ?" అని అడిగే ఇంటివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పి ఇల్లు దొరికినవాళ్ళం కొందరం, చెప్పాక "అయ్యో, నిన్ననే ఎవరికో మాట ఇచ్చేశామండీ" అన్న మాట విన్నవాళ్ళు కొందరు. 'శాకాహారులకు మాత్రమే' అన్న బోర్డు తిండి గురించి అనుకునేవాళ్ళు మన దేశంలో తక్కువ. అహ్మదాబాద్‌లోని ఒక పార్శీ హౌసింగ్ సొసైటీ తన ఇళ్ళు పార్శీలకి మాత్రమే అన్న నియమం పెట్టుకుంటే, అది చెల్లుతుందని మన సుప్రీం కోర్టు 2005లో తీర్పు చెప్పింది. అమెరికా సుప్రీం కోర్టు 1948లో ఒక దారి పడితే, మన కోర్టు దాదాపు ఆరు దశాబ్దాల తరవాత వేరే దారి పట్టింది.

ఇక్కడ ఒక తల్లో తండ్రో నన్ను ఆపుతారు. "అదంతా సరేనండీ. నాకు ఎవరి మీదా ద్వేషం లేదు. నా పిల్లకి మంచి బడి కావాలి. అది కూడా తప్పేనా?" ఈ మాటని తేలిగ్గా తీసెయ్యకూడదు. ఎక్కడ పెరిగారన్నది పిల్లల మీద నిజంగానే ప్రభావం చూపిస్తుంది. 1990లలో ఫెడరల్ ప్రభుత్వం షికాగోతో సహా అయిదు నగరాల్లో, పేదరికం ఎక్కువున్న పేటల్లోని కుటుంబాలకి లాటరీ తీసి, మెరుగైన పేటలకి మారడానికి సాయం చేసింది. భారత సంతతి ఆర్థికవేత్త రాజ్ చెట్టి, ఆయన సహచరులు 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పదమూడేళ్ళ లోపు వయసులో అలా మారిన పిల్లలు పెద్దయ్యాక 31 శాతం ఎక్కువ సంపాదించారు. కాబట్టి ఆ తల్లి భయం ఉత్తిది కాదు.

కానీ అదే అధ్యయనాన్ని అటునుంచి చదవండి. మంచి పేట ఏ పిల్లకైనా మేలు చేస్తుందంటే, ఆ పేటలోకి రాలేని పిల్లకి ఆ మేరకి కీడు జరుగుతున్నట్టే. రాలేకపోవడానికి కారణం ఎక్కువగా ఇంటి ధర. ఇక్కడ బడి నడిచేది చాలావరకు ఆస్తి పన్ను మీద; మన పన్ను బిల్లులో సగానికి పైగా బళ్ళకే పోతుంది. ఖరీదైన ఇళ్ళున్న చోట తక్కువ పన్ను రేటుతోనే బోలెడు డబ్బొస్తుంది. చవక ఇళ్ళున్న చోట ఎక్కువ రేటు వేసినా చాలదు. ఈ పద్ధతి రాజ్యాంగానికి విరుద్ధం కాదని 1973లో టెక్సస్ కేసులో సుప్రీం కోర్టు 5–4 తేడాతో తేల్చింది. మరుసటి ఏడాది డెట్రాయిట్ కేసులో, శివారు స్కూల్ డిస్ట్రిక్టులు తప్పు చేశాయని రుజువైతే తప్ప, నగరంలోని బళ్ళలో జాతి విభజనని పోగొట్టడానికి పిల్లల్ని వాటి గీత దాటించి పంపమని ఆదేశించకూడదని అదే తేడాతో చెప్పింది. ఇలినాయ్ 2017లో చట్టం మార్చి పేద డిస్ట్రిక్టులకి కొత్త డబ్బు ముందు వెళ్ళేలా చేసింది. ఆ గీతలు మాత్రం అలాగే ఉన్నాయి. ఇళ్ళ దస్తావేజుల్లోని షరతులు పోయాయి. ఆ పనిలో చాలా భాగం ఇప్పుడు స్కూల్ డిస్ట్రిక్టు గీత చేస్తోంది.

మా కంప్యూటర్ వృత్తిలో ఒక పాత సంగతి ఉంది. అప్పు ఎవరికివ్వాలో తేల్చే ప్రోగ్రాం రాసేటప్పుడు, పక్షపాతం ఉండకూడదని డేటాలోంచి జాతి అనే కాలమ్ తీసేస్తాం. జిప్ కోడ్ అనే కాలమ్ మిగులుతుంది. మనుషులు జాతిని బట్టి విడివిడిగా బతుకుతున్న దేశంలో జిప్ కోడ్ చెబితే చాలు, తీసేసిన కాలమ్ మళ్ళీ వెనక గుమ్మంలోంచి వచ్చేస్తుంది. ఇల్లు కొనడంలోనూ అదే జరిగింది. 1968 చట్టం ఏజెంటు నోట్లోంచి ఆ కాలమ్ తీసేసింది. దాని బదులు మన ఫోన్లలో ప్రతి ఇంటి పక్కనా బడికి పదికి ఎన్ని మార్కులో చూపించే అంకె వచ్చింది. ఆ అంకెలో పెద్ద వాటా పరీక్ష మార్కులది. పరీక్ష మార్కులు తల్లిదండ్రుల చదువుతోనూ ఆదాయంతోనూ గట్టిగా ముడిపడి ఉంటాయి. అంచేత ఆ అంకె బడి ఏం నేర్పుతోందో కొంచెం చెబుతుంది, బళ్ళోకి ఎవరొస్తున్నారో చాలా చెబుతుంది. అడగకూడని ప్రశ్నకి జవాబు అడక్కుండానే దొరుకుతోంది.

అందుకని ఆ ప్రశ్నని విడగొట్టి చూడ్డం మంచిది. "బడి ఎలాంటిది?" అన్నప్పుడు మనం మూడు వేరువేరు సంగతులు అడుగుతున్నాం. టీచర్లెలా ఉన్నారు, వెనకబడిన పిల్లని ఎలా పట్టించుకుంటారు, సంగీతం ఉందా, గ్రంథాలయం ఉందా? ఇది బడి గురించి. మా అమ్మాయి పక్కన ఎవరు కూచుంటారు? ఇది పిల్లల గురించి. పదేళ్ళ తరవాత అమ్మితే ఎంతొస్తుంది? ఇది డబ్బు గురించి. మొదటి ప్రశ్న ఎంత గట్టిగా అడిగినా తప్పు లేదు. బడికి వెళ్ళి ప్రిన్సిపాల్‌నే అడగొచ్చు. ఆ పని చేసేవాళ్ళు మనలో తక్కువ. నేపర్‌విల్‌లో 203 డిస్ట్రిక్టా, 204 డిస్ట్రిక్టా అని రాత్రుళ్ళు నిద్ర మానుకునేవాళ్ళు, రెంటిలో ఏ బడిలోనూ కాలు పెట్టి ఉండరు. మిగతా రెండు ప్రశ్నల్నీ మొదటిదాని చాటున అడగడమే ఇబ్బంది.

"మనవాళ్ళున్నారా?" అన్నది ఇంకో రకం. దాన్ని నేను సులభంగా తప్పు పట్టలేను. ఆరు నెలలకని వచ్చిన అమ్మో అత్తగారో, కారు నడపలేక, ఇంగ్లీషు మాట్లాడలేక, పగలంతా కిటికీ దగ్గర కూచుంటుంది. వీధి చివర ఇంకో తెలుగావిడ ఉంటే సాయంత్రం నడక ఉంటుంది, నాలుగు మాటలుంటాయి. నేపర్‌విల్ జనాభా 2020లో లక్షా యాభై వేలకి దగ్గర. అందులో అయిదోవంతు పైగా ఆసియా మూలాలవాళ్ళే. ఆ పెద్దావిడకి తోడు వెతకడం పాపం కాదు. తోడు కోరుకోవడానికీ ఇతరుల్ని దూరంగా ఉంచాలనుకోవడానికీ మధ్య తేడా ఉంది. ఎవరో ఒకరున్నారని వెళ్ళడం వేరు, ఎవరో ఒకరు లేరని వెళ్ళడం వేరు. ఎదుటివాళ్ళకి రెండూ ఒకలాగే కనబడతాయి. లోపల ఏముందో మనకి మాత్రమే తెలుస్తుంది.

లోపల ఏముందో తెలుసుకునేదెలా? జర్మన్ తత్త్వవేత్త కాంట్ 1795లో శాశ్వత శాంతి మీద రాసిన గ్రంథంలో ఒక గీటురాయి ఇచ్చాడు. ఇతరుల హక్కుల్ని తాకే పని ఏదైనా, దాని వెనకున్న ఉద్దేశం బయటికి చెప్పుకోలేనిదైతే అది అన్యాయం అని దాని సారాంశం. మన సందర్భంలో చెప్పాలంటే, ఆ ప్రశ్న ఎవరి గురించో వాళ్ళ ముందు అడగగలమా? గొంతు తగ్గించవలసి వచ్చిందంటే ఆ గొంతే మనకి సాక్ష్యం. అయితే ఈ గీటురాయి మన దేశంలో సరిగా పనిచెయ్యదు. "మీరేవిట్లు?" అని అడిగే ఇంటివాడు గొంతేమీ తగ్గించడు, గుమ్మంలో నిలబడి నిక్షేపంగా అడుగుతాడు. ఎదుటివాడు తిరిగి జవాబు చెప్పలేని స్థితిలో ఉన్నాడని ఆయనకి తెలుసు. కాబట్టి కాంట్ మాటకి ఇంకోటి చేర్చాలి: అడిగేది మనకి సమానంగా నిలబడి "మరి మీరెవరు?" అని తిరిగి అడగగలిగిన మనిషిని అయినప్పుడు కూడా ఆ ప్రశ్న అడుగుతామా?

తిరగేసి చూసే అవకాశం ఇల్లు కొనేటప్పుడే వస్తుంది. ఒక ఇంటికి పదిమంది పోటీ పడినప్పుడు, అమ్మేవాళ్ళ మనసు కరిగించడానికి ఉత్తరం రాయమని సలహా ఇస్తారు. మేం ఫలానా కుటుంబం, మా పిల్లలు మీ పెరట్లో ఆడుకుంటారు అని రాసి, ఫొటో జతచేస్తారు. ఆ ఫొటో చూసి అమ్మేవాళ్ళు ఏ కుటుంబాన్ని ఎంచుకుంటారు? ఆ ఫొటోలో బొట్టూ చీరా ఉంటే మనకి లాభమా నష్టమా? ఈ భయంతోనే ఆరెగన్ రాష్ట్రం 2021లో అలాంటి ఉత్తరాలని నిషేధించింది. 2022లో ఫెడరల్ కోర్టు వాక్స్వాతంత్ర్యం పేరుతో దాన్ని ఆపేసింది. ఆ వరసలో నిలబడ్డప్పుడు మనకి కావలసింది ఒకటే: మన డబ్బునీ, మన మాటనీ చూసి అమ్మాలి, మన మొహాన్ని చూసి కాదు. అంతవరకూ మనమందరం ఫెయిర్ హౌసింగ్ చట్టం పక్షమే. తాళం చేతికి వచ్చాక ఏం చేస్తామన్నదే అసలు ప్రశ్న.

చట్టం అమ్మేవాణ్ణి కట్టేస్తుంది, అప్పిచ్చేవాణ్ణి, ఏజెంటుని కట్టేస్తుంది. కొనేవాడి మనసుని అది కట్టలేదు. ఏ కారణంతోనైనా ఏ వీధినైనా వద్దనుకోవచ్చు. కొన్నాక ఆ ఇంటివాడి ఓటునీ కట్టలేదు. అందుకే ఇక్కడినుంచి ఇది ధర్మానికి సంబంధించిన విషయం. ఇలినాయ్‌లో 2003లో వచ్చిన ఒక చట్టం, ప్రతి ఊళ్ళోనూ మామూలు సంపాదన ఉన్నవాళ్ళకి అందే ఇళ్ళు కనీసం 10 శాతం ఉన్నాయో లేదో చూస్తుంది. 2018లో రాష్ట్రం ఇచ్చిన జాబితాలో, ఆ పది శాతం లేని ఊళ్ళలో నేపర్‌విల్ ఉంది. ఇక్కడి బళ్ళలో పిల్లలకి భోజనం వడ్డించే ఆవిడ, ఆస్పత్రిలో మన అమ్మని కూచోబెట్టి నడిపించే సహాయకురాలు, రాత్రి ఆఫీసులు తుడిచేవాళ్ళలో చాలామంది ఇంకెక్కడినుంచో వచ్చి పనిచేసి వెళ్ళిపోతారు. వాళ్ళు అద్దెకి ఉండగలిగే అపార్ట్‌మెంట్లు కడతామని ఎవరైనా ప్రతిపాదిస్తే శివారు ఊళ్ళ సభల్లో వినబడే మాటలు మనకి తెలిసినవే: ట్రాఫిక్ పెరుగుతుంది, బళ్ళు కిక్కిరిసిపోతాయి, ఆస్తి విలువ పడిపోతుంది. ట్రాఫిక్ సంగతి ఇంజనీరు లెక్కగడతాడు. బళ్ళ సంగతి డిస్ట్రిక్టు లెక్కగడుతుంది. ఆ మూడో మాటే 1951లో గ్రాండ్ జ్యూరీ జార్జి లైటన్ మీద నేరంగా మోపింది.

ఆస్తి విలువ గురించి బెంగపడేవాణ్ణి దుర్మార్గుడని నేను అనను. చాలామందికి ఉన్న డబ్బంతా ఆ ఇంట్లోనే ఉంది. ఇక్కడ చుట్టం లేదు, పక్కం లేదు, ఊళ్ళో పొలం అమ్ముకున్నవాళ్ళు కూడా ఉన్నారు. ఆ బెంగ నిజమైందే కాబట్టి దాన్ని నిజంగానే పరీక్షించాలి. ఏ ఊళ్ళో ఏ కట్టడం వల్ల ధర ఎంత తగ్గింది, అసలు తగ్గిందా అని లెక్క అడగాలి. లెక్క లేకుండా "అలాంటివాళ్ళు వస్తారు" అన్న ఊహే ధర అయితే, మనం కాపాడుతున్నది ఇంటినా, ఆ ఊహనా? బగాయ్ ఇంటికి తాళం వేసిన పొరుగువాళ్ళకీ తమ ఇళ్ళు ముఖ్యమే, పిల్లలు ముఖ్యమే. వాళ్ళు రాక్షసులై ఉండాల్సిన అవసరం లేదు, మనలాంటివాళ్ళయితే చాలు.

కాబట్టి ఇల్లు కొనేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఇది. రేడాన్ పరీక్ష చేయించండి. సంప్ పంప్ చూడండి. అద్దె నియమాలు చదవండి. తూర్పు గుమ్మం దొరికితే సంతోషం. బడికి స్వయంగా వెళ్ళి టీచర్లతో మాట్లాడండి; మీ పిల్లలకి మంచి బడి ఎంచుకోండి, దానికి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. ఏజెంటు చెప్పకూడని జవాబు ఆయన్ని చెప్పమని వేధించకండి. ఆ మౌనం వల్లే రేపు మీరు ఇంకో ఊళ్ళో ఇల్లు వెతికినప్పుడు, మీ గురించి వాళ్ళూ చెప్పకుండా ఉంటారు.

తాళం చేతికి వచ్చాక ఇంకో పని ఉంది. ఆ ఊరి సభలో ఎప్పుడో ఒకప్పుడు ఎవరి ఇంటి గురించో, ఎవరి ప్రార్థనాలయం గురించో చర్చకి వస్తుంది. "వాళ్ళెలాంటివాళ్ళో?" అని వెనక వరసలో ఎవరో గొంతు తగ్గించి అడుగుతారు. మనలో చాలామంది అలాంటి సభలకి వెళ్ళం, మనకెందుకులే అనుకుంటాం. వెళ్ళాలి. మైకు ముందుకి వచ్చి గుక్క తిప్పుకోకుండా మాట్లాడే ఇంగ్లీషు మనకి ఉండకపోవచ్చు. ఒక్క మాట చాలు: మేం వచ్చినప్పుడు కూడా ఇలాగే అడిగారు, ఇప్పుడు మేం మీ పొరుగువాళ్ళం.